99 డాలర్ల పామ్ జైర్: ఇప్పుడు కొనొచ్చా, దాని తోటి పీడీఏల్లో ఇంకోటి చూసుకోవాలా?

ఫోన్ పక్కన పెట్టి నోట్సుకీ, పనుల జాబితాకీ, క్యాలెండర్‌కీ ఒక పాత పీడీఏ (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టుకుందాం అనుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేది పామ్ జైర్ గురించి. ఎందుకు అడుగుతారో అర్థమవుతుంది. 2002 అక్టోబరులో అమెరికాలో 99 డాలర్లకి వచ్చిన చిన్న తెల్ల పలక అది. పామ్ కంపెనీ అంతకుముందెప్పుడూ అంత తక్కువ ధరకి కొత్త మోడల్ తేలేదు. బరువు 110 గ్రాములలోపే. చొక్కా జేబులో పడితే ఉన్నట్టే తెలీదు. కింద మీదా వెతక్కుండా దొరికే మినీ యూఎస్‌బీ కేబుల్ చాలు. పాతవాటిలో ఇంతకంటే తేలికగా మొదలుపెట్టగలిగేది ఉండదనిపిస్తుంది.

అయినా రోజూ వాడటానికైతే జైర్ కొనొద్దనే చెబుతాను. మీ చేతికి పామ్ ఎం125 గానీ, హ్యాండ్‌స్ప్రింగ్ వైజర్ డీలక్స్ గానీ దొరికితే అదే తీసుకోండి. రెండూ దొరక్కపోతే, ఛార్జింగ్ పెట్టుకోవడం ఇబ్బంది కాదనుకుంటే, పామ్ జెడ్22. జైర్ వీటి తర్వాతే. ఎందుకో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అప్పటి సమీక్షలు తిరగేస్తే వేరే వరస కనిపిస్తుంది.

అప్పట్లో కొనేవాళ్ళు చూసినవి మెమరీ, తెర, ధర. లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉంటే అది గొప్ప. ట్రిపుల్ ఏ సెల్స్ వేసుకునేది చవకబారు. ఇరవై ఏళ్ళు దాటాక ఆ లెక్క తలకిందులైంది. ఇప్పుడు పాత పీడీఏ ముందు పెట్టుకుని అడగాల్సినవి రెండే: దీనికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఆ కరెంటు పోతే నేను రాసుకున్నవి ఎక్కడుంటాయి?

ఆ కాలపు పామ్‌లలో మీరు రాసినదంతా ర్యామ్‌లోనే ఉంటుంది. హార్డ్ డిస్కు లేదు, సేవ్ బటన్ లేదు. అందుకే బటన్ నొక్కిన క్షణంలో తెర వెలుగుతుంది, నిన్న ఎక్కడ ఆపారో అక్కడే ఉంటారు. ఆ చురుకుదనం ఇప్పటికీ ముచ్చటేస్తుంది. కానీ ఆ ర్యామ్‌కి కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఫోన్ నంబర్లు, మెమోలు, అపాయింట్‌మెంట్లు, మీరు ఎక్కించుకున్న ప్రోగ్రాములు అన్నీ పోతాయి. పరికరం ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు ఖాళీగా లేస్తుంది.

జైర్ లోపల ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. వాడేవాళ్ళు తీసి మార్చుకునే తలుపు లేదు. 2002, 2003 నాటి ఆ బ్యాటరీలు ఇప్పుడు ఎంత పట్టుకుంటాయో దేనికది చూసుకోవాల్సిందే. బాగున్నది దొరికితే అదృష్టం. బలహీనపడినదైతే, ఊరెళ్ళేటప్పుడు బల్లమీద మర్చిపోయి నాలుగు రోజుల తర్వాత వస్తే మీ జాబితాలేవీ ఉండవు. రోజూ వాడే వస్తువు మీద ఆ భయం ఉండకూడదు. ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాళ్ళు విప్పి కొత్త బ్యాటరీ అతికించుకుంటారు, అది వేరే సంగతి. సలహా అడిగే వాళ్ళందరికీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోమని చెప్పలేం.

జైర్ రెండో లోటు వెలుతురు. దాని తెరకి బ్యాక్‌లైట్ లేదు. 160×160 చుక్కల నలుపు తెలుపు తెర, పగటిపూట కిటికీ పక్కన కూర్చుంటే హాయిగా చదువుకోవచ్చు. సాయంత్రం ట్యూబ్‌లైటు కింద కొంచెం వంచి పట్టుకుంటే సరిపోతుంది. రాత్రి బస్సులో, మంచం మీద, సినిమా హాలు బయట చీకట్లో మాత్రం ఏమీ కనపడదు. దీన్ని చిన్న విషయంగా కొట్టిపారేసేవాళ్ళు ఉన్నారు. నా దృష్టిలో కాదు. గుర్తు పెట్టుకోవాల్సినవి చాలామందికి పడుకోబోయే ముందే తడతాయి.

మూడోది జ్ఞాపకశక్తి: 2 ఎంబీ. నోట్సుకీ, చిరునామాలకీ ఇది తక్కువేం కాదు. పామ్ మెమో ప్యాడ్‌లో ఒక మెమో సుమారు 4,000 అక్షరాలకే పరిమితం కాబట్టి, 2 ఎంబీలో వందల మెమోలు పడతాయి. పుస్తకాలు, నిఘంటువు, రెండు మూడు ఆటలు ఎక్కిద్దామనుకుంటే మాత్రం ఇరుకు. కార్డు పెట్టుకునే సందు కూడా లేదు. ఇంకోటి, మిగతా పామ్‌లకి కింద నాలుగు షార్ట్‌కట్ బటన్లుంటే జైర్‌కి రెండే: క్యాలెండర్, చిరునామాలు. పనుల జాబితాకి, మెమోలకి స్టైలస్ (తెర మీద రాసే పుల్ల) తీసి తెర మీద తట్టాలి. ఖర్చు తగ్గించడానికి తీసేశారు. వాడుతుంటే ఆ రెండు బటన్లు లేని తేడా ప్రతిరోజూ తెలుస్తుంది.

ఇన్ని చెప్పినా జైర్ మీద నాకు గౌరవం ఉంది. పామ్ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్ పామ్ ఓఎస్ 4.1 అందులో చాలా నిలకడైన, గట్టి రూపంలో నడుస్తుంది. 16 మెగాహెర్ట్జ్ డ్రాగన్‌బాల్ ప్రాసెసర్‌తో ఏ పనికీ ఎదురుచూడాల్సిన అవసరం రాదు. బొమ్మలా ఉంటుందని పెద్దవాళ్ళు జంకరు, పిల్లలకి చూపిస్తే అరనిమిషంలో తిరగడం నేర్చుకుంటారు. పగటిపూట బల్ల మీద, ఛార్జర్ దగ్గర్లో ఉండే చోట, వారానికోసారి కంప్యూటర్‌తో కలిపే అలవాటు ఉన్నవాళ్ళకి జైర్ చాలు. ఈ మూడు షరతులూ మీకు సరిపోతాయనుకుంటే తీసుకోండి.

ఇప్పుడు ఎం125. 2001లో వచ్చింది, అప్పటి ధర 249 డాలర్లు. అంటే జైర్‌కంటే పైమెట్టు, కానీ పాత సరుకులో ఆ తేడా దాదాపు చెరిగిపోతుంది. రెండు ట్రిపుల్ ఏ సెల్స్, 8 ఎంబీ, 33 మెగాహెర్ట్జ్, బ్యాక్‌లైట్, ఎస్‌డీ కార్డు సందు, యూఎస్‌బీతో కలిపే కేబుల్ లేదా క్రేడిల్ (పరికరాన్ని నిలబెట్టి కంప్యూటర్‌తో కలిపే స్టాండు). నా మొదటి ఓటు దీనికి పడటానికి కారణం ఆ కార్డు సందు, ఆ సెల్స్ జతగా ఉండటమే. సెల్స్ ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. కంప్యూటర్ అక్కర్లేకుండానే ప్రోగ్రాముల్ని కార్డు మీదకి కాపీ చేసుకోవచ్చు, మొత్తం బ్యాకప్ తీసే చిన్న ప్రోగ్రాములూ ఉన్నాయి. కార్డు మాత్రం పాత రకం ఎస్‌డీయే కావాలి. ఇప్పుడు కొట్లలో దొరికే ఎస్‌డీహెచ్‌సీ, ఎస్‌డీఎక్స్‌సీ కార్డుల్ని అది గుర్తుపట్టదు. పాత డిజిటల్ కెమెరా ఉన్న వాళ్ళింట్లో 128 లేదా 256 ఎంబీ కార్డు దొరికే అవకాశం ఎక్కువ.

సెల్స్ మార్చడంలో ఒక మెళకువ ఉంది. పాతవి తీసి కొత్తవి వేసే ఆ కొద్ది క్షణాలు మెమరీని నిలబెట్టేది లోపలున్న ఒక కెపాసిటర్. కొత్తగా ఉన్నప్పుడే పామ్ వాళ్ళు నిమిషంలోపు మార్చమని చెప్పేవారు. ఇన్నేళ్ళకి అది బలహీనపడి ఉంటుందనే అనుకోవాలి. ముందు బ్యాకప్ తీసుకుని, కొత్త సెల్స్ కవరు విప్పి చేతిలో పట్టుకుని, అప్పుడు మూత తీయండి. మళ్ళీ ఛార్జ్ చేసుకునే సెల్స్ వేస్తే పని చేస్తుంది. వాటి వోల్టేజి 1.5 బదులు 1.2 కాబట్టి బ్యాటరీ గుర్తు ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

వైజర్ డీలక్స్ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1996లో పామ్ మొదటి పరికరం పైలట్‌ని తెచ్చిన జెఫ్ హాకిన్స్, డొన్నా డుబిన్‌స్కీ 1998లో పామ్ వదిలి హ్యాండ్‌స్ప్రింగ్ పెట్టారు. మరుసటి ఏడాది వైజర్ తెచ్చారు. పామ్ దగ్గర్నుంచే ఓఎస్ లైసెన్సు తీసుకుని, తమ పాత కంపెనీకంటే చవగ్గా అమ్మారు. మామూలు వైజర్ 2 ఎంబీ, డీలక్స్ 8 ఎంబీ. రెండిటికీ ట్రిపుల్ ఏ సెల్స్, బ్యాక్‌లైట్, యూఎస్‌బీ క్రేడిల్. పామ్‌లు ఇంకా సీరియల్ పోర్టు (యూఎస్‌బీకి ముందునాటి కేబుల్ కనెక్షన్) మీద ఉన్న రోజుల్లో యూఎస్‌బీ ఇవ్వడం పెద్ద సంగతి. ఆ గుర్తు ఇప్పటికీ ఉంది: లినక్స్‌లో పామ్‌లను యూఎస్‌బీ మీద మాట్లాడించే డ్రైవర్ పేరే వైజర్.

వైజర్ వెనక స్ప్రింగ్‌బోర్డ్ అని వెడల్పాటి సందు ఉంటుంది. కెమెరా, పాటలు వినిపించేది, చివరికి ఫోన్ కూడా అందులో దూర్చే మాడ్యూళ్ళుగా వచ్చాయి. మాడ్యూల్ పెట్టగానే దాని ప్రోగ్రాము దానంతటదే తెర మీదకి వస్తుంది, తీసేస్తే పోతుంది. కెమెరా, ఫోన్ మాడ్యూళ్ళు సేకరించేవాళ్ళ సరదాకి వదిలేయండి. మీరు వెతకాల్సింది బ్యాకప్ మాడ్యూల్. అది ఉంటే కంప్యూటర్ గొడవ లేకుండా మొత్తం మెమరీ నకలు తీసి పక్కన పెట్టుకోవచ్చు. సెల్స్ మార్చే ముందు అది తీసుకుంటే ఇక దిగులుండదు. వైజర్ లోపాలు: ఓఎస్ పాతది, 3.1, మార్చుకునే వీలు లేకుండా రోమ్ చిప్‌లో అచ్చయి ఉంటుంది. పెట్టె ఎం125 కంటే లావు. 2001లో వచ్చిన వైజర్ నియో దొరికితే ఇంకా మంచిది, 33 మెగాహెర్ట్జ్, 8 ఎంబీ, కొత్త ఓఎస్.

తెలుగు రాసుకునేవాళ్ళకి ఒక తేడా ముఖ్యం. పామ్ ఓఎస్‌లో యూనికోడ్ లేదు, తెలుగు ఫాంటు రాదు. మెమోల్లో ఇంగ్లీషు అక్షరాలతోనే నడిపించాలి. కానీ 2000లో వచ్చిన పామ్ ఎం100 నుంచి నోట్ ప్యాడ్ అని ఒకటి చేర్చారు. అందులో మీ చేతిరాత ఉన్నదున్నట్టు బొమ్మగా నిలుస్తుంది. సన్నని కలం ఎంచుకుని, అక్షరాలు కొంచెం పెద్దగా రాస్తే ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా తెలుస్తాయి. మందపాటి కలంతో రాస్తే క్రావడి, సున్నా కలిసిపోయి ముద్దలా కనిపిస్తాయి. కరివేపాకు, చింతపండు, గ్యాస్ బుకింగ్ అని మూడు నాలుగు మాటలు ఒక పేజీలో పడతాయి. పొడుగు రాతకి పనికిరాదు గానీ బజారు చీటీకి బ్రహ్మాండం. ఎం100, ఎం125, జైర్‌లలో ఇది ఉంటుంది. వైజర్‌తో రాదు. తెలుగులో చీటీలు రాసుకోవాలన్నదే మీ ఉద్దేశమైతే ఈ ఒక్క కారణం చేత వైజర్ వదిలి ఎం125 వైపు రండి.

మామూలు అక్షరాలు రాయడానికి గ్రాఫిటీ అనే పామ్ రాత పద్ధతి నేర్చుకోవాలి. తెర కింది గళ్ళలో ఎడమ వైపు అక్షరాలు, కుడి వైపు అంకెలు. ప్రతి అక్షరం ఒకే గీత: 'ఏ' అంటే అడ్డగీత లేని గుడిసె కప్పు, ఖాళీకి ఎడమ నుంచి కుడికి గీత, చెరపడానికి కుడి నుంచి ఎడమకి. వారం తిరిగేసరికి తెర చూడకుండా రాసేస్తారు. జిరాక్స్‌తో పేటెంటు వ్యాజ్యం నడిచాక పామ్ 2003 నుంచి గ్రాఫిటీ 2కి మారింది. అందులో 'ఐ', 'టీ', 'కే' లాంటివి రెండు గీతలు. వేగంగా రాసేవాళ్ళకి పాతదే నచ్చుతుంది, నాకూ పాతదే ఇష్టం. ఎం125, వైజర్, మొదటి జైర్‌లలో పాతది ఉంటుంది. జైర్ 21, జెడ్22 లలో కొత్తది.

ఎం100, ఎం105 గురించి కూడా అడుగుతుంటారు, ఎందుకంటే అవి విరివిగా దొరుకుతాయి. ఎం100 అప్పట్లో 149 డాలర్లు, 2 ఎంబీ. ఎం105లో 8 ఎంబీ. మూత మీద చిన్న కిటికీ ఉంటుంది. మూత తీయకుండానే పైకి జరిపే బటన్ నొక్కితే ఆ కిటికీలో గడియారం కనిపిస్తుంది. ఎంత ఆలోచించి చేశారో అనిపించే ఏర్పాటు అది. సెల్స్ ట్రిపుల్ ఏనే, బ్యాక్‌లైట్ ఉంది. కంప్యూటర్‌తో కలపడమే చిక్కు. వీటిది సీరియల్ కేబుల్. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ కావాలి. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల అడిగితే దొరుకుతుంది, పోర్టు నంబర్లు సరిచూసుకునే ఓపికా కావాలి. కంప్యూటర్‌తో అసలు కలపను, విడిగా వాడుకుంటాను అనేవాళ్ళకి మాత్రం ఎం105 చవకైన మంచి బేరం. దానికి తెర కాస్త చిన్నది, కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు ముందు చేతిలోకి తీసుకుని చూడాలి.

సోనీ క్లియే ఎస్‌ఎల్10 ఈ వరుసలో తెర అందంలో అన్నిటికంటే పైన ఉంటుంది. 320×320, అంటే మిగతావాటికి నాలుగింతల చుక్కలు. ట్రిపుల్ ఏ సెల్స్, 8 ఎంబీ, 2002 నాటిది. చదవడానికే అయితే ఇది మేలు. కార్డు మాత్రం సోనీ సొంత మెమరీ స్టిక్. కేబుల్ లేకుండా అమ్ముతుంటే వదిలేయండి.

ఇక జెడ్22. 2005లో జైర్ వారసుడిగా మళ్ళీ 99 డాలర్లకే వచ్చింది. రంగుల తెర, వెనక వెలుతురు, 32 ఎంబీ. అన్నిటికంటే పెద్ద మార్పు, రాసినవి ఫ్లాష్ మెమరీలో ఉంటాయి. బ్యాటరీ సున్నా అయినా డేటా పోదు. పైన చెప్పిన రెండు ప్రశ్నల్లో రెండోదానికి ఇది ఒక్కటే సరైన జవాబు ఇస్తుంది. మొదటిదాంట్లో వెనకబడుతుంది: లోపలి బ్యాటరీ, మార్చుకునే తలుపు లేదు. ఇంట్లో పెద్దవాళ్ళకి మందుల వేళలు గుర్తు చేసే అలారాలకి, పుట్టినరోజులకి ఏదైనా అడిగితే నేను జెడ్22 పేరే చెబుతాను. ఛార్జింగ్ మర్చిపోయినా జాబితా అలాగే ఉంటుంది. పాత పామ్‌ల తక్షణ చురుకుదనం మాత్రం ఇందులో అంతగా ఉండదు, ఒక ప్రోగ్రాము నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు అప్పుడప్పుడు చిన్న విరామం తెలుస్తుంది.

మన దేశపు చేతి కంప్యూటర్ సింప్యూటర్ సంగతి కూడా చెప్పాలి. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అధ్యాపకులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి రూపొందించారు. లినక్స్ మీద నడుస్తుంది, స్మార్ట్ కార్డు సందు ఉంటుంది, ఊళ్ళో ఒక పరికరాన్ని పదిమంది తమ తమ కార్డులతో పంచుకోవాలన్నది ఆలోచన. 2004లో అమిడా సింప్యూటర్‌గా దాదాపు పదివేల రూపాయల నుంచి అమ్మారు. మన భాషల్లో మాట్లాడే, రాసే పరికరం కావాలని పామ్‌వాళ్ళకి తట్టకముందే వీళ్ళకి తట్టింది. దొరికితే తప్పకుండా కొని భద్రపరచండి. రోజువారీ వాడకానికి మాత్రం ప్రోగ్రాములు, విడిభాగాలు దొరకవు కాబట్టి ఈ పోలికలో నిలబడదు.

ఏది కొన్నా ఒక గడువు గుర్తుంచుకోండి. పామ్ ఓఎస్ క్యాలెండర్ 1904 నుంచి 2031 డిసెంబర్ 31 వరకే వెళుతుంది. సంవత్సరాన్ని 7 బిట్లలో దాచడం వల్ల వచ్చిన హద్దు ఇది. ఆ తర్వాత మెమోలు, నోట్ ప్యాడ్ వాడుకోవచ్చు, తేదీలు మాత్రం సరిగ్గా నడవవు. ఎక్కువ ధర పెట్టి కొనేముందు ఇది లెక్కలో వేసుకోవాలి.

కంప్యూటర్ విషయానికొస్తే, పామ్ డెస్క్‌టాప్ (పామ్‌ని కంప్యూటర్‌తో కలిపే ప్రోగ్రాము)తో వచ్చిన యూఎస్‌బీ డ్రైవర్లు 64 బిట్ విండోస్‌లో పనిచేయవు. అసీకా అనే న్యూజిలాండ్ కంపెనీ తన పామ్ ఓఎస్ పరికరాల కోసం చేసిన 64 బిట్ డ్రైవర్‌ని చాలామంది వీటికి వాడుతుంటారు. లేదంటే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే ప్రోగ్రాములో) విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని నడపాలి. లినక్స్ వాడేవాళ్ళకి అదే పని చేసే జె-పైలట్ ఉంది. ఇంకో దారి ఇన్‌ఫ్రారెడ్: రెండు పామ్‌లను ఎదురెదురుగా పెడితే మెమోలు, చిరునామాలు, చిన్న ప్రోగ్రాములు కూడా ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళిపోతాయి. ఇంట్లో ఇద్దరికి ఒక్కోటి ఉంటే ఇది చాలా హాయి.

డబ్బు పెట్టేముందు క్లౌడ్‌పైలట్ అనే ఎమ్యులేటర్‌ని (పామ్‌ని అనుకరించే ప్రోగ్రాముని) ఫోన్ బ్రౌజర్‌లో తెరిచి పామ్ ఓఎస్‌తో కొన్నాళ్ళు గడపండి. పనుల జాబితా, మెమోలు, గ్రాఫిటీ మీకు పడతాయో లేదో అక్కడే తేలిపోతుంది. పడకపోతే ఖర్చు మిగులుతుంది.

కొనేటప్పుడు ముందు అమెరికాలో ఉన్న చుట్టాల్ని అడగండి. 2000 ప్రాంతంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వెళ్ళిన మనవాళ్ళలో వీటిని కొన్నవాళ్ళు ఉన్నారు, డ్రాయర్లలో పడి ఉండొచ్చు. అక్కడి గ్యారేజ్ సేల్స్‌లోనూ కనిపిస్తాయి. ఆన్‌లైన్‌లో అయితే అమ్మేవాళ్ళని మూడు ఫోటోలు అడగండి. తెర వెలిగి ఉన్నది ఒకటి, అందులో నిలువు వరుసల్లో చుక్కలు మాయమై ఉండకూడదు. సెల్స్ గది మూత తీసినది ఒకటి, స్ప్రింగుల మీద తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే సెల్స్ కారిపోయాయని అర్థం, ఆ బేరం వద్దు. మూడోది కేబుల్ లేదా క్రేడిల్, పరికరంతో కలిపి. 'టెస్ట్ చేయలేదు' అని రాసి ఉన్నదాన్ని పాడైనదనుకునే ధర కట్టండి.

ఇంటికి వచ్చాక మొదట పవర్ బటన్ నొక్కి పట్టుకుని, వెనక చిన్న రంధ్రంలో పేపర్ క్లిప్పు మొనతో రీసెట్ చేసి పాతవాళ్ళ డేటా చెరిపేయండి. తర్వాత తెర మీద ప్లస్ గుర్తుల్ని తట్టి డిజిటైజర్ (తట్టిన చోటు గుర్తుపట్టే పొర) సరిచేసుకోవాలి. తట్టిన చోటుకి పక్కన పని జరుగుతుంటే, మళ్ళీ మళ్ళీ సరిచేసినా జారిపోతుంటే, ఆ తెర అరిగిపోయింది. గ్రాఫిటీ గళ్ళలో అడుగు నుంచి పైకి నాలుగైదు పొడుగు గీతలు గీసి చూడండి. మునుపటి యజమాని ఎక్కువగా రాసిన చోటు అదే, లోపం ఉంటే ముందు అక్కడే బయటపడుతుంది. తిరిగి పంపే గడువు దాటకముందే ఈ పరీక్షలన్నీ చేసేయండి.